మూడుసార్లు పలకాల్సిన పేరు

ఆ రోజు మా వాకిట్లో ఉన్నవాళ్లు: ఇరవై ఒక్క రోజుల మా పాప, నా భార్య, మా అమ్మ, మా నాయిన, నల్లగొండ నుంచి వచ్చిన మా అక్క, పిలవకపోయినా అక్క వెంట వచ్చిన ఆమె అత్త, అచ్చంపేట నుంచి తెల్లవారుజామున బస్సు ఎక్కి వచ్చిన నా భార్య మేనమామ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొందరు, నేను. ఉన్న వస్తువులు: పందిరి వాసానికి కట్టిన చీర తొట్టెల, బెల్లం కలిపిన మలీదా ముద్దల పళ్లెం, ఊదుబత్తీలు, మూత పెట్టిన బగార అన్నం గిన్నె, మూలన మా నాయిన దూది ఏకే మిషన్, దాని మీద కప్పిన పాత బొంత. రానివాళ్లు ఇద్దరు. మా బావకు ఆటో కిరాయి దొరికిందట. నా భార్య తల్లి మా పెళ్లికి ముందు ఏడాదే చనిపోయింది. గొడవ ఆ చనిపోయిన మనిషి పేరు మీద జరిగింది.

ఇందులో మనుషుల పేర్లు రాయను. రాయాల్సిన పేరు ఒక్కటే. పర్వీన్.

మేం దూదేకులవాళ్లం. హుజూర్‌నగర్‌లో మా నాయిన పరుపులు, బొంతలు కుడతాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, కృష్ణ ఒడ్డున ఎత్తిపోతల పంపుహౌస్‌లో షిఫ్టు ఆపరేటరుగా చేరాను. మా ఇంట్లో నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో. ఉర్దూ మాట్లాడేవాళ్లకు మేం సగం సాయిబులం. తెలుగువాళ్లకు నిండు సాయిబులం. రెండు వైపులా లెక్క తప్పే.

మా ఇళ్లలో ఆడవాళ్ల పేర్లు తరానికో తీరుగా మారుతూ వచ్చాయి. మా అవ్వ తరంలో పీర్లకో దర్గాకో మొక్కి పెట్టిన పేర్లు. అన్నిటికీ చివర అమ్మ అని ఉండేది. మా అమ్మ తరానికి ఆ అమ్మ పోయి బీ వచ్చింది. టౌనులో ఇల్లు, బడిలో చదువు వచ్చాక బీ కూడా పోయి పేరు మొత్తమే మారింది. నస్రీన్, యాస్మీన్, షబ్నం, షిరీన్. అన్నిటికంటే ఎక్కువ పర్వీన్. నాకు తెలిసిన పర్వీన్‌లను ఒక్కసారి తలుచుకుంటే ఇంతమంది వస్తారు: ఒకటో తరగతిలో నా పక్క బెంచి పిల్ల, సర్కారు దవాఖానలో సూది వేసే నర్సు, కోదాడ బస్సు కండక్టరు, మా వీధి చివర కుట్టు మిషన్ పెట్టుకున్నామె, పంపుహౌస్‌లో మాకు వంట చేసే ముసలామె మనవరాలు.

ఈ పేరుకు అర్థం నాకు పరుపుల దగ్గర తెలిసింది. రిటైరైన ఉర్దూ సారొకాయన పాత పరుపు దూది ఏకించుకోవడానికి వచ్చాడు. ఇంతమంది పర్వీన్‌లు ఎందుకున్నారని అడిగాను.

"ఫార్సీ మాట బేటా" అన్నాడాయన. "ఆకాశంల గుత్తిగ కనవడే చుక్కలు. పంచాంగంల కృత్తికలంటరు గదా, గవే."

మా నాయిన మిషన్ ఆపకుండానే అన్నాడు. "పిల్లలకోడి అను సారూ. గింతదానికి ఫార్సీ ఎందుకు?"

"కొలువులల్ల ఫార్సీ నడిచె కాబట్టి. దేవిడీల బేగం పేరు పర్వీన్ అయితె, ఆమె ఇంట్ల గిన్నెలు తోమేటామె బిడ్డకు గదే పెట్టుకుంది. నగలడిగితె ఇయ్యరు, పేరడిగితె ఇస్తరు."

నా భార్య వాళ్లమ్మకు ఆ పేరు వచ్చిన దారి కూడా అదేనట. ఆమె తాత ఒక జాగీర్దారు ఇంట్లో గుర్రాలకు గడ్డి వేసేవాడు. ఆ ఇంటి ఆడబిడ్డ పేరును, అడిగి, సరే అనిపించుకుని, తన మనవరాలికి పెట్టుకున్నాడు. ఆ మనవరాలు పెరిగి అచ్చంపేటలో గాజులమ్మింది. సంతరోజు సంతలో, మిగతా రోజులు గంప నెత్తిన పెట్టుకుని తండాలకు, నల్లమల అంచున పెంటలనే చెంచు గూడేలకు పోయేది. పసిపిల్లకు మొదటి నల్లగాజులు ఆమె చేత్తో తొడిగితే దిష్టి తగలదని అక్కడొక నమ్మకం పడింది. గాజులతో పాటు కొందరు పేరు కూడా తీసుకున్నారు. తండాలో అది పర్వీన్ బాయి అయింది, పెంటలో పర్వీనమ్మ అయింది. దేవిడీ నుంచి గుర్రాల కొట్టానికి, అక్కడి నుంచి గాజుల గంపలో అడవి దాకా పోయిందా పేరు.

పాప పుట్టిన రోజే దవాఖానలో నా భార్య చెప్పింది. "పేరు గురించి ఎవరిని అడగకు. మా అమ్మది పెడ్తం." తల్లి పోయినప్పుడు ఆమె పరీక్ష రాస్తూ హైదరాబాద్‌లో ఉంది. మట్టి చేసేటప్పటికి అందలేదు. తర్వాత ఎన్నిసార్లు ఆ పేరు ఎత్తినా ఫోటో వైపే చూసి ఎత్తాలి. మాట పలికే నోరున్న మనిషి మీద ఆ పేరు ఉండాలని ఆమె కోరిక. నేను సరే అన్నాను. ఇందులో నాకు కనబడిన ఇబ్బంది ఒకటే. అది చిన్నది కాదు.

మా ఇళ్లలో పేరు పెట్టే హక్కు మేనత్తది. తొట్టెల నాడు పిల్లను ఒళ్లోకి తీసుకుని, చెవిలో మూడుసార్లు పేరు పలికి, తొట్టెలలో వేసేది ఆమే. మేనత్త బతికి ఉండగా ఇంకెవరు పలికినా ఆ పేరు నిలవదంటారు. పాపకు మేనత్త మా అక్క ఒక్కతే. మా అక్క అత్త పేరు పర్వీన్ బేగం. కోడలు అత్త పేరు పలకకూడదు.

ఈ రెండో ఆచారం ఎంత గట్టిదో చెప్పాలి. పెళ్లయిన పదకొండేళ్లలో మా అక్క ఆ మాట నోట పలకలేదు. బ్యాంకులో అత్త పేరు అడిగితే అరచేతిలో రాసి చూపించింది. కుట్టు మిషన్ ఆమెను "గా మిషనామె" అంటుంది. గురుకులం హాస్టల్లో చదివే తన కూతురికి ఆ పేరు గల స్నేహితురాలుంటే, ఆ పిల్లను "నీ దోస్తు" అంటుంది తప్ప పేరెత్తదు. ఇంత విస్తరించిన పేరును నోటికి అంటకుండా తప్పించుకుంటూ బతకడం ఎట్లాంటిదో, దారిలో ప్రతి రాయినీ దాటుకుంటూ నడిచి చూస్తే తెలుస్తుంది.

ఆ అత్త అంటే నాకు పడదు. కారణాలు మూడు. ఒకటి, ఆమె కూడా దూదేకుల మనిషే అయినా మా అక్కను పదకొండేళ్లుగా "దూదోళ్ల పిల్లా" అనే పిలుస్తుంది. రెండు, మా ఇంటికి వస్తే మా నాయిన కుట్టిన పరుపు మీద కూర్చోదు, కుర్చీ అడుగుతుంది. మూడు, మాతో ఉర్దూలో మాట్లాడి, అర్థం కాలేదంటే నవ్వుతుంది.

అందుకని ముందే అక్కకు ఫోన్ చేసి విషయం చెప్పాను.

"చెవిలనే గదా" అన్నది అక్క. "నా నోటికి, పిల్ల చెవికి నడుమ ఎవరుంటరు? నేనొక్కదాన్నే వస్త. ఫికర్ చెయ్యకు."

అక్క ఒక్కతే బయలుదేరింది. నల్లగొండ బస్టాండులో అత్త వెనకనుంచి వచ్చి ఆమె పక్క సీట్లో కూర్చుంది. మా ఇంట్లో మర్యాద ఎట్లా ఉంటుందో చూడాలనిపించిందట.

అప్పటికీ పేరు బయటపడేది కాదు. నా భార్య మేనమామ వల్ల పడింది. ఆయన మంచి మనిషి. ఎవరు ఎవరో తెలియదు. వచ్చిన పెద్దావిడకు మర్యాదగా నీళ్లిచ్చి, సంతోషం ఆపుకోలేక అన్నాడు.

"మా అక్క పేరే పెడ్తున్నరమ్మా. పర్వీన్. అచ్చంపేట సంతల గాజుల పర్వీన్ అంటే ఎరుకలేనోళ్లు లేరు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. నీళ్లు తాగలేదు.

"ఏ పేరు?" అన్నది ఉర్దూలో.

ఆయన మళ్లీ చెప్పాడు. అప్పటికే అక్క పాపను ఒళ్లోకి తీసుకుని తొట్టెల పక్కన కూర్చుని ఉంది. మా అమ్మ ఊదుబత్తీలు వెలిగిస్తూ చెయ్యి ఆపింది.

"అట్లనా" అన్నది ఆమె, ఈసారి తెలుగులోనే. "నా కోడలి నోటితోని నా పేరు పలికిస్తరన్నట్టు. మూడుసార్లు. మంచిగనే కుట్టిండ్రు, పరుపులు కుట్టేటోళ్లు గదా."

"మీ పేరు గాదు పెద్దమ్మా" అన్నది నా భార్య. "మా అమ్మ పేరు."

"మీ అమ్మ మట్టిల ఉన్నది. నేను కుర్చీల ఉన్న. పిలిస్తె పలికేది నేను."

అంతటితో ఆగలేదు. మా వాకిట్లో అందరికీ వినిపించేలా లేచి నిలబడింది.

"నేను గుడ్డిదాన్ని గాదు. రేపు గీ పిల్ల పాలు ఒలకవోస్తది. పర్వీన్, నీ చేతులిరగ అంటరు. పక్క తడుపుతది. పర్వీన్, నీ మొఖం మండ అంటరు. పిల్లను తిట్టినట్టుంటది, నన్ను తిట్టినట్టుంటది. పగ తీర్చుకునెతందుకు పిల్లను కన్నరా మీరు?"

పొరుగు ఆడవాళ్లలో ఒకామె నవ్వు ఆపుకోలేక అనేసింది. "గంత తిట్టాల్నంటె తొమ్మిది నెలలు మొయ్యుడెందుకు అక్కా, ఫోన్ జేసి తిడితె అయిపోదా!"

ఆ నవ్వు అక్క అత్తను ఇంకా మండించింది. నేను శాంతంగా చెప్పాలని ప్రయత్నించాను. ఫార్సీ మాట అన్నాను. చుక్కల గుత్తి అన్నాను. వందల ఏళ్లుగా ఎక్కడెక్కడి నుంచో వస్తున్న పేరు, ఏ ఒక్కరి సొత్తూ కాదు అన్నాను.

"నీ డిప్లొమాల చుక్కల పాఠం గూడ ఉన్నదా పిలగా? మోటరు ఆన్ చేసుడు, ఆఫ్ చేసుడు, గది నీ పని. చుక్కల జోలికి రాకు."

"అత్తా, పేరు అందరిది."

"అందరిదైతె వేరేది పెట్టు. ఫార్సీల పేర్లకు కరువా? నస్రీన్ పెట్టు. యాస్మీన్ పెట్టు. షిరీన్ పెట్టు, తీపి అని అర్థం, మీ ఇంట్ల లేనిది అదే. గంపెడున్నయి."

"గంపెడు పేర్లున్నయి" అన్నది నా భార్య. "అమ్మ ఒక్కతే ఉండె."

నా తలలో మార్గాలు వరుసగా వచ్చాయి. అక్కకు బదులు మా అమ్మ పలకడం. చెల్లదు. పేరు ముందు ఇంకో పేరు తగిలించడం. అయినా రెండోది పలకాలి. తొట్టెల ఇంకోరోజుకు మార్చడం. ఇరవై ఒకటో రోజు దాటితే నలభై దాకా ఆగాలి, ఆ రోజు కూడా ఈమె బస్సెక్కుతుంది. మోటరు ఆగితే ఎక్కడ ఆగిందో వెతికి పట్టుకోవచ్చు. ఇక్కడ అన్ని వైర్లూ బాగానే ఉన్నాయి, కరెంటు మాత్రం పోవడం లేదు.

అప్పుడు మా నాయిన నోరు తెరిచాడు. ఆయన తక్కువ మాట్లాడతాడు. మాట్లాడినప్పుడు పొదుపుగా ఉండదు.

"చెల్లె" అన్నాడు, "నీది తిరుమలగిరి పక్క ఊరే గదా. మా మేనత్తది గూడ గదే ఊరు. నువ్వు పీర్ల పండుగ నాడు పీర్ల కొట్టం ముందట పుట్టినవు. నిన్ను పీరమ్మా అని పిలిచెటోళ్లు. నేను గూడ పిలిచిన. గీ పర్వీన్ ఎప్పుడైనవు? ఎవరి దగ్గర కొన్నవు?"

నేను సంతోషపడ్డాను. అది దాచను. ఆమె కుర్చీని, ఉర్దూను, నవ్వును ఒక్క మాటతో కింద పడేశాడనుకున్నాను.

ఆమె మా నాయిన వైపు కాదు, మా అక్క వైపు చూసింది. కోడలు విన్నదా లేదా అన్నదే ఆమెకు కావాలి.

"ఔ. పీరమ్మనే" అన్నది. "పదేండ్లు పీరమ్మనే. నల్లగొండల ఉర్దూ బడికి పోతె పీరీ పీరీ అని గోడకేసి నూకిండ్రు. దూదేకుల పీరీ, తెలుగు పీరీ. ఆ బడి సారు పర్వీన్ అని రాసిండు. గా దినం సంది నన్నెవడు నూకలె. గీ పేరు నాకు ఎవ్వడు మొక్కి పెట్టలె. నేనే సంపాయించుకున్న. మల్ల మీ నోట్లల్ల వడి అది తిట్టు గావాల్నా?"

ఆమె అక్కడితో ఊరుకుని ఉంటే, బహుశా నా భార్య కూడా మెత్తబడేదేమో. కానీ ఆమె ఊరుకోలేదు.

"లేవవే, దూదోళ్ల పిల్లా. పిల్లను వాళ్లకిచ్చి లే. ఆ పేరు నీ నోట్లకెల్లి వచ్చిందనుకో, మా గడప తొక్కకు."

అక్క లేవలేదు. పాప తల కింద చెయ్యి సర్దుకుంది. అందరం ఆమె వంగుతుందనుకున్నాం, పాప చెవిలోకి. వంగలేదు. మెడ నిటారుగా పెట్టి, వాకిలికి ఆ చివర నిలబడిన అత్త కళ్లలోకి చూస్తూ పలికింది.

"పర్వీన్."

నాకు తెలిసి పెళ్లయ్యాక ఆమె నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. నాలుక అలవాటు లేక కాస్త తడబడింది. రెండోసారి తడబడలేదు. మూడోసారి పళ్ల మధ్య నుంచి, ఉమ్మినట్టుగా వచ్చింది. ఆ శబ్దానికి పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. అక్క పాపను తొట్టెలలో వేసి ఒక ఊపు ఊపింది. చెవిలోకి వంగకపోవడం తప్ప ఆచారం ప్రకారం అన్నీ జరిగాయి. ఇంకేదీ తప్పలేదు.

అక్క అత్త చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నా భార్య మేనమామ "అమ్మా, తిని పోండ్రి" అంటూ వీధి మలుపు దాకా వెంటబడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు. మలీదా పంచారు. పొరుగువాళ్లు ముద్దలు కొంగున కట్టుకుని తొందరగా పోయారు, ఇంటికి పోయి చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి. నా భార్య లోపలి గదిలో పాపకు పాలిస్తూ కూర్చుని ఉంది. వెళ్లి, నువ్వనుకున్న పేరే పడింది కదా అన్నాను.

"మా అమ్మను గట్ల ఎవరు పిలువలె" అన్నది. "అప్పులోళ్లు గూడ గట్ల పిలువలె."

ఆ రాత్రి బావ ఫోన్ చేశాడు. అమ్మను పేరు పెట్టి పిలిచినావట కదా అన్నాడు. అక్క అవునన్నది. కాళ్లు పట్టుకుంటేనే రమ్మన్నాడు. అక్క ఫోన్ పెట్టేసింది. తర్వాత రెండు వైపుల పెద్దమనుషులు మసీదు వరండాలో ఒకసారి, మా వాకిట్లో ఒకసారి కూర్చున్నారు. రెండుసార్లూ అవతలివాళ్ల షరతు ఒకటే. పిల్ల పేరు మార్చండి, కోడల్ని తీసుకుపోతాం. నా భార్య మార్చనన్నది. అక్క కాళ్లు పట్టుకోనన్నది. పెద్దమనుషులు చాయ్ తాగి పోయారు. అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. కూతురు సెలవులకు హాస్టల్ నుంచి ఇటే వచ్చేది.

మొదటి నెలలు నా భార్య అక్కకు రుణపడ్డట్టే ఉండేది. కూర ముందు ఆమెకే వడ్డించేది. పేరు నిలిపినందుకు ఆమె ఇల్లు పోయింది కదా అన్న భయం ఆ వడ్డనలో కనబడేది. అక్క ఆ కూర తినేది, మాట్లాడేది కాదు. పాప పాకడం మొదలుపెట్టాక మాట్లాడడం మొదలుపెట్టింది.

"పర్వీన్, నీ కాళ్లిరగ, దూదిల పోకు."

మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ నవ్వింది. పిల్లలను అట్లా తిట్టడం మా ఇళ్లలో ముద్దులో భాగమే. కానీ మా అమ్మ తిడితే మాట చివర మెత్తగా పడుతుంది. అక్క తిడితే పేరు మీద బరువు పడేది, తిట్టు వెనక వచ్చేది. పాప చెంబు దొర్లిస్తే, "పర్వీన్, నీ ఒళ్లు బొబ్బలెక్క." పాలు కక్కితే, "పర్వీన్, నీకు పుట్టెడు తిన్నా చాలదానె?" పుట్టెడు తినే వయసు పాపది కాదు. బావ ఎప్పుడైనా ఫోన్ చేస్తే, పక్కగదిలో నిద్రపోతున్న పాపను ఉద్దేశించి గట్టిగా, "పర్వీన్, ముసలి నక్కా, లే" అనేది. అవతల విన్నదీ లేనిదీ నాకు తెలియదు. ఇవతల నా భార్య వినేది.

ఆ వాకిట్లో నిలబడి అక్క అత్త ఏం చెప్పిందో, చెప్పింది చెప్పినట్టు మా ఇంట్లో జరిగింది. ఆమె గురించి నాకున్న మూడు కారణాలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె చూపు నా కంటే పదునైనది. అది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"వదినె, తిట్టాల్నంటె నన్ను తిట్టు. ఆ పేరు పెట్టి పిల్లను తిట్టకు."

"పేరు నేను పెట్టిన. నా హక్కు. నీకు గావాల్సిందే పెట్టిన గదా?"

"మా అమ్మ పేరది."

"నీకు మీ అమ్మ. నాకు మా అత్త. నా నోట్లకు వచ్చేది నా మనిషే. నీ మనిషిని నేనెన్నడు చూడలె, ఎట్ల వస్తది?"

నేను మధ్యలోకి వెళ్లాను. "అక్కా, ఇంట్ల అందరికి చెప్తున్న. ఇగ బంద్ చెయ్యి."

"పదకొండేండ్లు నోరు కట్టుకున్న తమ్ముడు" అన్నది అక్క. గొంతు పెంచలేదు. "మీ పిల్ల కోసమే ఇప్పిన. ఇప్పుమన్నది మీరే. ఇప్పుడు కట్టుకొమ్మంటె అది కట్టుకోదు. వద్దంటె చెప్పు, పోత. యాడికి పోవాల్నో గూడ నువ్వే చెప్పు."

చెప్పడానికి నా దగ్గర ఏ చోటూ లేదు. ఆ సంగతి తెలిసే అడిగింది. నా భార్య నా వైపు చూసింది. నేను డ్యూటీ బట్టలు మార్చుకోవడానికి లోపలికి పోయాను. ఆ రోజు నుంచి ఇంట్లో కూర ఎవరికి వారే వడ్డించుకున్నారు.

ఆ తర్వాత జరిగింది మేం ఎవరూ నిర్ణయించి చేసింది కాదు. నా భార్య పాపను పేరుతో పిలవడం మానేసింది. ఆ మాట నోటిదాకా వస్తే దానికి అక్క గొంతు అంటుకుని వస్తుందని చెప్పింది. బుజ్జీ అనేది, ఎక్కువగా అమ్మా అనేది. నేను బిడ్డా అన్నాను. మా అమ్మ చిట్టి అన్నది. నాయిన కోడిపిల్లా అని పిలిచాడు. ముద్దుకు నాలుగు పిలుపులు తయారయ్యాయి. అసలు పేరు ఒక్క అక్క నోట్లోనే మిగిలింది. దాని వెనక ఎప్పుడూ ఏదో ఒకటి విరగడమో, మండడమో, పడిపోవడమో ఉండేది.

పాపకు నడక వచ్చింది, మాటలు వచ్చాయి. నీ పేరేంది అని ఎవరైనా అడిగితే బుజ్జి అనేది. అసలు పేరు చెప్పమంటే నా కాలు పట్టుకుని ముఖం దాచుకునేది. సిగ్గనుకున్నాం. అక్క కూడా మెల్లమెల్లగా తిట్లు తగ్గించింది. ఆమెకు మా వీధిలోనే ఒక బట్టల దుకాణంలో పని దొరికింది. పొద్దున పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేది. అవతలి ఇంట్లో అత్తకు పక్షవాతం వచ్చిందని తెలిసినా చూడడానికి పోలేదు. పోతావా అని మా అమ్మ అడిగితే, "ఆమె నా పేరు పలికి పిలిస్తె పోత" అన్నది. ఆమెకు మాట పడిపోయిందని మా అందరికీ తెలుసు, అక్కకూ తెలుసు.

ఈ జూన్‌లో పాపను బడిలో వేశాం. మొదటి రోజు నేను, నా భార్య ఇద్దరం వెళ్లాం. టీచర్ చిన్న వయసు పిల్ల, నవ్వుముఖం. మమ్మల్ని తలుపు దగ్గర కాసేపు ఉండనిచ్చింది. పిల్లలకు ఎట్లా పలకాలో నేర్పింది. పేరు వినగానే చెయ్యెత్తి "ప్రజెంట్ టీచర్" అనాలి. పాప ముందు వరుసలో, కొత్త జడలతో, అందరికంటే ముందే చెయ్యెత్తి సాధన చేసింది. నా భార్య నా చెయ్యి పట్టుకుంది. తన తల్లి పేరును ఒక కొత్త మనిషి, ఏ పగా లేని గొంతుతో పిలవబోతోంది. దానికోసమే పొద్దుటి నుంచి తయారవుతోందని నాకప్పుడు అర్థమైంది.

టీచర్ ఒక్కో పేరూ పిలుస్తూ వచ్చింది. మా పాప పేరు వచ్చింది. ఆ అమ్మాయి ఎంతో మెత్తగా, రాగం తీసినట్టు పిలిచింది.

పాప రెండు చేతులతో తల కప్పుకుని బెంచి కిందికి దూరింది.

టీచర్ కంగారుపడి దగ్గరికి పోయి మళ్లీ పిలిచింది, ఇంకా మెత్తగా. పాప ఇంకా లోపలికి జరిగింది. నా భార్య లోపలికి వెళ్లబోయి గడప మీదే ఆగిపోయింది. లోపలికి పోయి ఏమని పిలవాలో ఆమెకు తోచలేదు.

టీచర్ మిగతా పేర్లు చదివింది. ఆ తరగతిలో పర్వీన్‌లు ముగ్గురు. పలికినవాళ్లు ఇద్దరు.